తవిటమ్మ రక్తంలో బ్యాంకు ఆస్తి

మా బ్యాంకులో పాత నోట్లను వేరుచేసే హాలు ఒకటి ఉంది. చుట్టుపక్కల పద్నాలుగు శాఖల్లో పోగైన నలిగిన నోట్లూ, జిడ్డు నోట్లూ, చెమటకు అట్టకట్టిన నోట్లూ సంచుల్లో అక్కడికి వస్తాయి. ఆరు యంత్రాలు వాటిని పేకముక్కల్లా ఎగరేసి, ఇంకా పనికొచ్చేవాటిని ఒక పక్కకీ పనికిరానివాటిని మరో పక్కకీ నెడతాయి. అలా ఎగిరినప్పుడల్లా సన్నటి బూడిదరంగు దుమ్ము లేస్తుంది. బల్లల మీద, టీ గ్లాసుల మీద, మనుషుల కనుబొమల మీద పడుతుంది. సాయంత్రానికి హాల్లో పనిచేసే ముప్పై మందీ ఒకే వయసు వాళ్ళలా కనిపిస్తారు.

ఆ దుమ్మును పదకొండేళ్ళుగా ఊడుస్తున్న మనిషి తవిటమ్మ. కాంట్రాక్టు మీద పనిచేసే స్వీపరు, యాభై మూడేళ్ళు. భర్త పోయాడు. కూతురు పక్క ఊళ్ళో జీడిపిక్కల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. తవిటమ్మకు ఉన్న ఒకే ఒక్క విలాసం మధ్యాహ్నం అన్నం తిన్నాక సైకిల్ స్టాండు వెనక కూర్చుని సొంతంగా చుట్టుకున్న పొగచుట్ట కాల్చడం. మా బ్యాంకులో అంత అందంగా చుట్ట చుట్టగలిగినవాళ్ళు లేరని సెక్యూరిటీ గార్డులు ఒప్పుకునేవారు.

నేను అక్కడ గుమస్తాను. చేతిరాత బాగుంటుందని మీటింగుల్లో మినిట్సు రాసే పని నాకు అప్పగించారు.

కిందటి వేసవిలో తవిటమ్మకు కడుపులో నొప్పి మొదలైంది. ఏం తిన్నా ఇనుము నాకినట్టుందని చెప్పేది. తర్వాత కుడి మణికట్టు వాలిపోవడం మొదలైంది. చేయి చాస్తే అరచెయ్యి వడలిన ఆకులా కిందికి వేలాడేది. చుట్ట చుట్టడం కుదరలేదు. పొగాకు విడిపోతూ ఉంటే ఒకరోజు అక్కడే కూర్చుని ఏడ్చిందని గార్డు చెప్పాడు.

ప్రభుత్వాసుపత్రిలో సువార్త అనే డాక్టరమ్మ ఆమె చిగుళ్ళు చూసింది. చిగుళ్ళ అంచున నీలంగా సన్నటి గీత ఉంది. ఏం పని చేస్తావని అడిగి, రక్తం తీయించి, ఆ దుమ్ము కొంచెం తెచ్చిపెట్టమంది. తవిటమ్మ రెండు చెంచాల దుమ్ము పొట్లం కట్టి కొంగున ముడేసుకుని తీసుకెళ్ళి ఇచ్చింది. పరీక్షలో ఆ దుమ్ములో సీసం, కాడ్మియం, క్రోమియం తేలాయి. తవిటమ్మ రక్తంలో సీసం ఉండదగ్గదానికి పన్నెండు రెట్లు ఉంది.

డాక్టరమ్మ మా బ్యాంకుకు ఒక పేజీ ఉత్తరం రాసింది. హాల్లో గాలిని బయటికి లాగే ఫ్యాను పెట్టించమని, పొడి చీపురు మానిపించి తడిబట్టతో తుడిపించమని, అందరికీ మాస్కులు ఇవ్వమని, ముప్పై మందికీ రక్తపరీక్షలు చేయించమని, తవిటమ్మకు వెంటనే వైద్యం అవసరం కనుక సెలవు ఇమ్మని కోరింది. పదిహేను వేలతో తీరిపోయే ఉత్తరం అది.

చీఫ్ మేనేజరు విశ్వపతిగారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. రెండుసార్లూ ఒకే వాక్యం దగ్గర ఆగిపోయారు. 'మీ హాలు నుంచి తవిటమ్మ తెచ్చి ఇచ్చిన దుమ్ము నమూనా' అనే వాక్యం అది.

మర్నాడే మీటింగు పెట్టారు. విశ్వపతిగారు నలుగురు అధికారుల ముందు బల్ల మీద ఒక నోటు పెట్టి, నోటు ఎవరిది అని అడిగారు. బ్యాంకుదన్నారు. నోటు అంచు ఎవరిది? అదీ బ్యాంకుదే. అంచు అరిగి రాలితే రాలింది ఎవరిది? ఈ జవాబు ఆయనే చెప్పారు.

"మన నోట్ల హాలు నుంచి ఒక ముక్క బయటికి పోయినా అది నేరం. ముక్క ఎంత సైజులో ఉండాలో రూల్సులో లేదు. కాబట్టి దుమ్ము అనేది పొడి రూపంలో ఉన్న కరెన్సీ" అన్నారు విశ్వపతిగారు. "ఈ మనిషి పదకొండేళ్ళుగా రోజూ దాన్ని ఊడ్చి మునిసిపాలిటీ చెత్తబండిలో పోస్తోంది. ఎవరి పర్మిషనుతో?"

నలుగురు అధికారులూ తమ చొక్కాల మీది దుమ్ము చూసుకున్నారు. నేను రాసుకున్నాను.

ఆ దృష్టితో చూసేసరికి డాక్టరమ్మ అడిగినవన్నీ ఒక్కొక్కటే ప్రమాదకరంగా కనిపించసాగాయి. ఫ్యాను పెడితే కరెన్సీని మనంతట మనమే వీధిలోకి వదిలినట్టవుతుంది. తడిబట్టతో తుడిస్తే ఆస్తిని నీళ్ళలో కలిపినట్టవుతుంది. మాస్కులు ఇవ్వవచ్చు, కానీ వాటికి అంటుకున్న దుమ్ము ఇంటికి పోకుండా పొద్దున ఒకసారీ సాయంత్రం ఒకసారీ తూచాలి. అంత సన్నగా తూచే త్రాసు కంసాలి దుకాణాల్లోనే ఉంటుంది కనుక త్రాసు కొనేందుకు టెండరు పిలవాలి, అది వచ్చేదాకా మాస్కులు బీరువాలో ఉంచాలి. రక్తపరీక్షల సంగతి వచ్చినప్పుడు మాత్రం విశ్వపతిగారి గొంతు మెత్తబడింది.

"పరీక్ష చేయనంతవరకు ఎవరి ఒంట్లోనూ ఏమీ లేదు. చేయించామంటే ముప్పై మంది దగ్గర బ్యాంకు ఆస్తి దొరుకుతుంది. ముప్పై మంది మీదా కేసులు పెట్టాలి. మన స్టాఫు మీద మనకా మాత్రం ప్రేమ లేదా?"

ఉన్నదని తీర్మానించాం. పరీక్షలు తోసిపుచ్చాం.

చివరికి మూడు ఉత్తర్వులు వెలువడ్డాయి. హాలు కిటికీలకు టేపు అతికించాలి. తదుపరి ఉత్తర్వుల వరకు ఎవరూ ఊడ్వరాదు. తవిటమ్మ విచారణలో ఉంది కనుక సెలవు ఇవ్వకూడదు, కళ్ళెదుట ఉంచాలి.

అలా తవిటమ్మ రోజూ వచ్చి హాల్లో ఒక స్టూలు మీద సాయంత్రం దాకా ఊరికే కూర్చునేది. చీపురు ఆమెకు అందనంత ఎత్తున తాళం వేసిన అలమారాలో ఉండేది. ఆమెకు చార్జిమెమో ఇచ్చినప్పుడు దాన్ని చదివి చెప్పమని నా దగ్గరికి వచ్చింది. 'బ్యాంకు ఆస్తిని చీరకొంగున ముడివేసుకుని అనధికారికంగా తరలించిన మీపై ఎందుకు చర్య తీసుకోరాదో ఏడు రోజుల్లోగా తెలియజేయవలసిందిగా ఇందుమూలముగా కోరడమైనది' అని చదివాను.

"డాట్రమ్మ అడిగింది బాబూ, తెచ్చి ఇచ్చినాను. మందియ్యాలంటే సూడాల కదా" అంది. తర్వాత కొంచెంసేపు ఆలోచించి, తప్పయిపోయిందని రాసేయమంది. నేను రాశాను. పదకొండేళ్ళుగా జీతం పుస్తకంలో సంతకం పెట్టిన మనిషి ఆ రోజు పెన్ను నిలబెట్టలేక వేలిముద్ర వేసింది.

ఇరవై రోజులకు హాల్లో నడిచినవాళ్ళ అడుగులు కనిపించసాగాయి. నెల దాటేసరికి యంత్రాలు ఆన్ చేస్తే ఎదురుగా ఉన్న మనిషి ఎవరో తెలిసేది కాదు. ఇద్దరు క్యాషియర్లు దగ్గుతో సెలవు పెట్టారు. సెలవు ఇచ్చేముందు వాళ్ళ జేబులు బోర్లించి దులిపించారు. దులిపినప్పుడు రాలినదాన్ని కవర్లో పెట్టి సీలు వేశారు.

సంగతి హెడ్డాఫీసుకు చేరి, అక్కడినుంచి ఏకాంబరంగారు అనే ఆడిటరు వచ్చారు. సన్నటి మనిషి. ఆయన కాఫీ తాగరు, ఎవరితోనూ నవ్వరు. పొరపాటు దొరికినప్పుడు మాత్రం ముఖంలో చిన్న వెలుగు వస్తుంది. ఫైలు తిరగేసి తిరగేసి తవిటమ్మ రక్తపరీక్ష రిపోర్టు దగ్గర ఆయన ఆగారు. ఆ వెలుగు వచ్చింది.

చెత్తబండిలో పోయినదానికి ఆధారం లేదు, కనుక దాన్ని రాబట్టలేం అన్నారు. కానీ ఈ కాగితం ఆధారం. ప్రభుత్వ డాక్టరు సంతకంతో, తేదీతో, పరిమాణంతో సహా బ్యాంకు ఆస్తి ఎక్కడుందో ఇందులో రాసి ఉంది. ఇంత స్పష్టమైన ఆచూకీ తన ఇరవై ఆరేళ్ళ సర్వీసులో చూడలేదన్నారు. వెల కట్టడం కుదరదు కనుక వస్తురూపంలోనే రాబట్టాలని రాయించారు. అంతవరకు తవిటమ్మ ఊరు దాటరాదు, రక్తదానం చేయరాదు.

ఈలోగా డాక్టర్ సువార్త నాలుగు ఉత్తరాలు రాసింది. ఒకదానికీ జవాబు పోలేదు. తవిటమ్మకు నొప్పి ఎక్కువై ఒక మధ్యాహ్నం స్టూలు మీదనుంచి దుమ్ములోకి పడిపోయింది. లేవదీసినప్పుడు ఆమె ఆకారం నేల మీద అచ్చులా నిలిచింది. ఆ సంగతి తెలిసి డాక్టరమ్మ తానే వచ్చింది. ఆసుపత్రి వరండాలో అరవైమంది రోగులను వదిలి వచ్చానని, పది నిమిషాలే ఉంటానని ముందే చెప్పింది. ఈ స్థితిలో ఇంకో నెల గడిస్తే మెదడుకు సోకుతుందనీ, విడతకు అయిదు రోజుల చొప్పున ఇంజెక్షన్లు ఇవ్వాలనీ, ఆ మందు రక్తంలోని సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి తెస్తుందనీ వివరించింది.

ఏకాంబరంగారు ముందుకు వంగారు. "బయటికి వస్తుందా?"

"వస్తుంది."

"కొలవవచ్చా?"

డాక్టరమ్మ ఆయన్ని ఒకసారి, విశ్వపతిగారిని ఒకసారి, పెన్ను పట్టుకున్న నన్ను ఒకసారి చూసింది. తాను ఎలాంటి చోటుకు వచ్చిందో ఆమెకు ఆ క్షణాన అర్థమైందనుకుంటాను. అంతవరకు రోగి, వైద్యం, ప్రాణం అంటూ మాట్లాడిన మనిషి ఆ మాటలన్నీ పక్కన పెట్టేసింది.

"చుక్క చుక్కా కొలవవచ్చు. మీ ఆస్తి మీకు రావాలంటే ఇదొక్కటే దారి. నాలుగు విడతలు పడుతుంది. ఆలస్యమైతే ఎముకల్లోకి దిగిపోతుంది, అక్కడినుంచి మీరెప్పటికీ రాబట్టలేరు. మందు ఖరీదైనది, మా ఆసుపత్రిలో లేదు. మీరే కొనాలి" అంది.

వైద్యం కింద రెండున్నర నెలలుగా మంజూరు కాని డబ్బు, వసూలు ఖర్చుల కింద నలభై నిమిషాల్లో మంజూరైంది.

వసూలు జరిగేచోట ఇద్దరు సాక్షులు ఉండాలని నియమం. నన్నూ ఒక అసిస్టెంటు మేనేజరునూ పంపారు. ఆడవాళ్ళ వార్డులో, తవిటమ్మ మంచం పక్కన, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. సీసా వచ్చినప్పుడల్లా వేళ, పరిమాణం రాసి, మూతకు లక్క అంటించి, బ్యాంకు ముద్ర వేసి, ఇద్దరం సంతకాలు పెట్టాలి. మొదటి రోజు తవిటమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. చుట్టుపక్కల మంచాలవాళ్ళు మమ్మల్ని చూసిన చూపు నేను రిజిస్టరులో రాయలేదు. నర్సు మమ్మల్ని తెర బయట కూర్చోబెట్టింది. అసిస్టెంటు మేనేజరు అది నియమ విరుద్ధమన్నాడు. అయితే నువ్వే లోపలికి వచ్చి పడుకోవయ్యా అని ఆ నర్సు అనేసరికి ఊరుకున్నాడు.

మూడో రోజున తవిటమ్మ తెర వెనకనుంచి నన్ను పిలిచింది. ఏటి రాత్తన్నావు బాబూ అని అడిగింది. పొద్దున ఆరూ పదికి ఇంత, తొమ్మిదిన్నరకు ఇంత అని చదివాను. ఆమె నవ్వింది. నవ్వి, ఎన్నాళ్ళకో నొప్పి లేకుండా నవ్వానని చెప్పింది.

డాక్టరమ్మ చెప్పింది నిజమైంది. రెండో విడతకు కడుపునొప్పి తగ్గింది. మూడో విడతకు అన్నం రుచి తెలిసింది. నాలుగో విడత అయ్యేసరికి రక్తంలో సీసం ఫరవాలేదనే స్థాయికి దిగింది. నూట పన్నెండు సీసాలు స్ట్రాంగ్ రూములో, బంగారం తాకట్ల అరల పక్కన వరసగా నిలిచాయి. ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకునేవారు. దుమ్ముకు కట్టుకోని గుడ్డ దీనికి కట్టుకునేవారు.

మణికట్టు మాత్రం లేవలేదు. మందు సీసాన్ని తీయగలిగింది కానీ చచ్చిన నరాన్ని బతికించలేకపోయింది. మొదటి ఉత్తరం రాసినప్పుడే వైద్యం మొదలుపెట్టి ఉంటే లేచేదని డాక్టరమ్మ నాతో అంది.

వసూలు ముగిసిన సందర్భంగా మళ్ళీ మీటింగు జరిగింది. ఏకాంబరంగారు ప్రత్యేకంగా వచ్చారు. తవిటమ్మను పిలిపించి, 'మీ శరీరమందు బ్యాంకునకు చెందినదేదియు లేదని ధ్రువీకరించడమైనది' అని ముద్ర వేసిన కాగితం ఇచ్చారు. ఇంకో కాగితం కూడా ఇచ్చారు. ఒకసారి ఆస్తిని పీల్చిన మనిషిని మళ్ళీ ఆస్తి దగ్గర ఉంచడం క్షేమం కాదు కనుక కాంట్రాక్టు రద్దు చేశామని అందులో ఉంది. రెండూ నేనే చదివి వినిపించాను.

తవిటమ్మ రెండు కాగితాలనూ ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది. వెళ్ళవచ్చన్నారు. వెళ్ళలేదు.

"మీది నా ఒంట్లో ఏటీ నేదని కాయితం ఇచ్చినారు. బాగుంది. మరి నాది మీ కాడ ఉండిపోనాది కదా బాబూ, దానికి కాయితం ఎవులిత్తారు?"

విశ్వపతిగారు ఎజెండా కాగితం తిరగేసి, ఆ అంశం అందులో లేదన్నారు. ఆమె వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మినిట్సు సాపు రాసేటప్పుడు ఆరు అంశాలు అయ్యాక పెన్ను ఆగింది. ఏడో అంశం అని వేసి, 'తనకు చెందినది ఒకటి బ్యాంకు అధీనంలో ఉండిపోయినట్లు తవిటమ్మ తెలియజేశారు. తగు చర్య తీసుకోవలెను' అని రాశాను. ధైర్యంతో రాశానని చెప్పను. మా బ్యాంకులో మినిట్సు ఎవరూ చదవరు. తరువాతి మీటింగులో అందరూ సంతకాలు పెట్టారు, ఏడో అంశం ఆమోదం పొందింది.

ఆరు నెలలకు ఏకాంబరంగారు దాన్ని చదివారు. ఆయన ఒక్కరే చదువుతారు. మూడోవారి ఆస్తిని రసీదు లేకుండా బ్యాంకులో ఉంచుకోవడమా అని ఆయన ముఖం వెలిగింది. ఎప్పుడు వచ్చింది, ఎక్కడ ఉంచారు, ఎవరి సంరక్షణలో ఉంది అని విశ్వపతిగారిని నిలదీశారు. రెండు రోజులు వెతికారు. లాకర్లు, అలమారాలు, సైకిల్ స్టాండు అన్నీ చూశారు. చీపురు దొరికింది, అది బ్యాంకుదే. చివరికి నన్ను పిలిచి ఆ వస్తువేమిటో చెప్పమన్నారు.

చెయ్యి అని చెప్పాను. ఏ చెయ్యి అని ఏకాంబరంగారు అడిగారు. కుడిచెయ్యి అన్నాను. ఆయన రాసుకున్నారు.

వస్తువు తిరిగి ఇవ్వడం వీలుకాదు కనుక విలువ చెల్లించాలని తేలింది. విలువ కట్టేందుకు ముగ్గురితో ఒక సంఘం వేశారు. వాళ్ళు బల్లలకూ కుర్చీలకూ వేసే లెక్కే దీనికీ వేశారు. సదరు చెయ్యి యాభై మూడేళ్ళు వాడినది. అందులో పదకొండేళ్ళు కఠినమైన వాడకం. ఏటా పది శాతం తరుగు తీసేస్తే విలువ ఏనాడో పూర్తయిపోయింది. అలా తరుగు పూర్తయిన సామానును పుస్తకాల్లో ఒక రూపాయికి చూపించడం ఆనవాయితీ. కాబట్టి ఒక రూపాయి.

కబురు పంపితే తవిటమ్మ వచ్చింది. ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటోందట. కొంచెం ఒళ్ళు చేసింది. విశ్వపతిగారు అధికారులందరినీ నిలబెట్టి, బ్యాంకు ఎవరి సొత్తూ ఉంచుకోదని, సంస్థ సత్యసంధతకు ఇది నిదర్శనమని అయిదు నిమిషాలు మాట్లాడారు. తరువాత ఒక రూపాయి నోటు బల్ల మీద పెట్టారు. ఆ నోట్లు ఇప్పుడు ఎక్కడా చలామణీలో కనిపించవు కనుక హాల్లోని సంచులు వెతికించి తెప్పించారు. అది నల్లగా, మెత్తగా, పాత గుడ్డపేలికలా ఉంది.

తవిటమ్మ దాన్ని చూసింది. ఎడమచేతిని కొంగులోపలికి తీసుకుంది.

"నోటొద్దు బాబూ. ఇత్తే రూపాయి బిళ్ళియ్యండి."

మంజూరు ఉత్తర్వులో నోటు నంబరు వేసేశామని, మార్చడానికి మళ్ళీ హెడ్డాఫీసుకు రాయాలని విశ్వపతిగారు చెప్పారు. అయితే వద్దులెండి అని ఆమె గుమ్మం వైపు తిరిగింది.

సొత్తు స్వీకరించడానికి నిరాకరించినట్టు రాయమని విశ్వపతిగారు నాకు చెప్పారు. తరువాత ఆ నోటును రిజిస్టరులో భద్రపరచడానికి చూపుడువేలు నాలుక మీద అద్దుకుని, బల్లకు అతుక్కున్న నోటును నేర్పుగా పైకి లేపారు. పేజీ తిప్పడానికి మళ్ళీ అద్దుకున్నారు.

గుమ్మం దగ్గర తవిటమ్మ ఆగిపోయింది.

"బాబూ, ఆ ఏలు నోట్లో ఎట్టుకోకండి" అంది.

విశ్వపతిగారు తలెత్తలేదు. ఏదైనా చెప్పదలచుకుంటే సొంత దస్తూరీతో రాసి ఇమ్మనమని నాతో అని, ఇంకో పేజీ తిప్పారు.